శ్మశానం నడిపేవారికి కొన్ని తలకిందుల సలహాలు

ఈ సలహాలు వినగానే తప్పుగానే తోస్తాయి. మునిసిపల్ సమీక్షలో చెబితే, ప్రజల సొమ్ము దండగ చేయమంటున్నాడని అంటారు. అయినా చెబుతాను. బస్‌డిపో నడిపే లెక్కతో శ్మశానం నడపబోయి, అసలే ఏడుస్తున్నవాళ్లను ఇంకా ఏడిపిస్తున్నాం.

అన్నిటికంటే ముందు, ఫర్నేసును ఖాళీగా ఉంచండి. గ్యాసు ఫర్నేసులో ఒక దహనానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. పన్నెండు గంటల పనిదినాన్ని గంటన్నరతో భాగించి ఎనిమిది టోకెన్లు ఇచ్చేస్తున్నారు. ఐదు ఇవ్వండి. పొద్దున చల్లబడి ఉన్న ఫర్నేసు లోపలి ఇటుక గోడలు వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. డల్లాస్ నుంచి కొడుకు వచ్చేదాకా మూడు రోజులు ఫ్రీజర్‌ పెట్టెలో ఉన్న దేహం త్వరగా కాలదు. మనిషి బరువును బట్టి కూడా సమయం మారుతుంది. చివర అస్థికలు చల్లారాలి, వాటిని పోగుచేయాలి, పొయ్యి పూర్తిగా శుభ్రం చేయాలి. ఈ పనికి కాగితం మీద ఒక్క నిమిషం కూడా కేటాయించరు.

దాని ఫలితం నాకు తెలుసు. మా నాన్నను దహనం చేసినచోట బయట ఇంకో పాడె ఎదురుచూస్తోందని మమ్మల్ని తొందరపెట్టారు. అస్థికలు వేడిగా ఉండగానే కుండలో పోసి ఇచ్చారు. మా తమ్ముడు పట్టుకోలేక కండువా చుట్టి పట్టుకున్నాడు. అక్కడ పనిచేసే మనిషి చెడ్డవాడు కాడు. అతని చేతిలో సమయం లేదు.

రోజూ నూటికి నూరుపాళ్లు నిండే శ్మశానం బాగా నడుస్తున్నట్టు కాదు. ఒక్కసారిగా చావులు పెరిగితే దాంట్లో చోటుండదు. కరోనా రోజుల్లో, 2021 ఏప్రిల్, మే నెలల్లో శ్మశానాల ముందు అంబులెన్సులు వరుస కట్టిన సంగతి మరిచిపోకండి.

టోకెన్ మీద వేసే గంట ఫర్నేసు తలుపు తెరిచే గంట కాకూడదు. మనవైపు దారిమధ్యలో పాడె దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఆశ చావకపోవడాన్ని ‘దింపుడు కళ్ళం ఆశ’ అనడం అందులోంచే పుట్టింది. ఆ పిలుపు ఎంతసేపు సాగుతుందో ఎవరు చెప్పగలరు? భార్య పిలుస్తుంటే గడియారం చూపించే హక్కు మనకు లేదు. ప్రతి టోకెన్‌కూ అరగంట అదనంగా కలపండి. ఒక్కోసారి అది మిగిలిపోతుంది. పోనివ్వండి.

సిబ్బంది ఊరికే కూర్చుని ఉన్నా తప్పు పట్టకండి. రాత్రి పోయినవాళ్లను తెల్లారేదాకా ఉంచుతారు, పొద్దుగూకేలోపు దహనం చేయాలంటారు. అందుకే పదకొండింటికీ నాలుగింటికీ రద్దీ, మధ్యాహ్నం రెండింటికి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని చూసి ఇద్దరిని తీసేస్తే నాలుగింటికి పాడె మోయడానికీ, తలకొరివి పెట్టేవాడికి దారి చూపడానికీ మనిషి ఉండడు. 2021 నవంబరు నుంచి సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయడానికి కేంద్రం అనుమతిచ్చింది. కాబట్టి దేహం రాత్రి కూడా రావచ్చు, రాత్రిపూట కూడా మనుషులు కావాలి, అదీ కనీసం ఇద్దరు. ఒంటరిగా ఒక మనిషిని రాత్రంతా అక్కడ ఉంచడం క్రూరత్వం.

అలాగే వరుసగా మూడు దహనాలు చేసినవాణ్ని నాలుగోదానికి పిలవకండి. లోపల వేడి ఎనిమిది వందల డిగ్రీల సెంటీగ్రేడు పైమాటే.

కాగితాల విషయంలో నా మాట ఇంకా తలకిందులుగా ఉంటుంది. లోపలికి పంపేముందు చూడాల్సినవి కొన్నే: డాక్టరు ధ్రువపత్రం, అనుమానాస్పద మరణమైతే పోలీసుల కాగితం. గుండెకు పేస్‌మేకర్ ఉందా అని ఒక్క ప్రశ్న అడగండి, దాని బ్యాటరీ మంటల్లో పేలుతుంది. మిగతా ఆధార్ జిరాక్సులు, సంతకాలు దహనం అయ్యాక చూసుకోవచ్చు. మరణం నమోదుకు 21 రోజుల గడువుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం శ్మశానం నడిపేవారు కూడా తమకు తెలిసిన మరణాన్ని రిజిస్ట్రారుకు తెలియజేయాలి. అది మన పని కూడా, తండ్రిని పోగొట్టుకున్నవాడి ఒక్కడి మీదే వదిలేసేది కాదు.

చివరగా డబ్బు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. కన్నకొడుకు దహనానికి సుంకం అడిగిన హరిశ్చంద్రుణ్ని మహానుభావుడన్నాం. అదే మన శ్మశానం గేటు దగ్గర కాటికాపరి ఐదువందలు అడిగితే దొంగ అంటాం. అతనికి జీతం ఎన్ని నెలలకోసారి అందుతోందో ఎవరం అడగం. డబ్బు అడిగిన కాటికాపరిని సస్పెండ్ చేసే ముందు ప్రతినెలా మొదటి తారీఖున జీతం ఇవ్వండి, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు, స్నానానికి వేడినీళ్లు ఇవ్వండి. ధరల బోర్డు ఆ తర్వాత పెట్టండి. కడుపు నిండనివాడి నెత్తిమీద పెట్టిన బోర్డును ఎవరూ చదవరు.

చదువరులకు ఒక విన్నపం. ఈసారి మీ వార్డు సభ్యుడు ఇంటికి వచ్చినప్పుడు రోడ్డు గురించి అడిగాక, మీ ఊరి శ్మశానంలో ఎంతమంది పనిచేస్తున్నారో, వాళ్లలో శాశ్వత ఉద్యోగులు ఎందరో అడగండి.