ఊరికే వచ్చిన సొమ్ము

మీ ఇంటి మనిషి ఎవరైనా దుబాయ్‌లోనో దమ్మాంలోనో ఉండి నెలనెలా డబ్బు పంపుతున్నాడా? అయితే ఒక సంగతి చెవిన వేసుకోండి. ఆ డబ్బు మీకు ఊరికే వస్తోంది. ఈ మాట నా సొంతంగా అంటే వాడి తల్లి చీపురు తిరగేస్తుంది గనక ముందే చెబుతున్నాను, అన్నది నేను కాదు, అంతర్జాతీయ ద్రవ్యనిధి. దేశాల మధ్య జమాఖర్చు ఎలా రాయాలో చెప్పే దాని చేతిపుస్తకం ప్రకారం, బదులుగా విలువైనదేదీ ఇవ్వకుండా బయటి నుంచి వచ్చిపడే సొమ్మును 'బదిలీ' అంటారు. వరద సాయం, గుడికి పంపిన విరాళం, వలస కూలి ఇంటికి పంపిన జీతం, అన్నీ ఒకే బుట్టలోకి. ఆ బుట్ట పేరు 'ద్వితీయ ఆదాయం'. మన రిజర్వు బ్యాంకు మూడు నెలలకోసారి దాన్ని తూచి చెబుతుంది.

బదులుగా ఏమీ ఇవ్వలేదట! జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, నిజామాబాద్ నుంచి మనుషులకు మనుషుల్నే ఇచ్చాం కదయ్యా అంటే లెక్కలాయన కళ్లజోడు సర్దుకుంటాడు. పరాయి దేశంలో ఏడాదికి మించి ఉండేవాడు ఆ దేశపు నివాసి. కాబట్టి ఒక 'సౌదీ నివాసి' తన జీతం తాను తీసుకుని, అందులోంచి ఒక 'భారత నివాసి'కి దానం చేశాడు. ఆ భారత నివాసి వాడి కన్నతల్లి కావడం యాదృచ్ఛికం. అదే వాడు పదకొండు నెలలకే తిరిగొచ్చేస్తే ఆ జీతం జీతమే, 'ప్రాథమిక ఆదాయం' గడిలో దర్జాగా కూర్చుంటుంది. పదమూడో నెలలో కూడా అదే తాపీ, అదే ఇటుక, అదే ఎండ. చెమట మాత్రం దానమైపోయింది.

పోనీ, ఆ సౌదీ నివాసిని సౌదీ వాళ్లు నివాసి అనుకుంటున్నారా? అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, గడువు తీరితే వాడు ఖల్లివెల్లి, అంటే చట్టానికి చిక్కకుండా తిరిగే మనిషి. యజమానికి కోపమొస్తే అడ్రసే లేదు. ఇక్కడ ఓటు వేద్దామంటే టికెట్ కొనుక్కుని స్వయంగా వచ్చి పోలింగ్ బూత్ ముందు నిలబడాలి. ఇరవయ్యేళ్లుగా వాణ్ణి నివాసిగా ఒప్పుకున్నది చెల్లింపుల లెక్క ఒక్కటే.

అయితే బుట్ట మాత్రం పెరిగింది, ఆ మాట కాదనకూడదు. 1990-91లో ప్రవాసులు పంపింది సుమారు 200 కోట్ల డాలర్లు. ఇరాక్ కువైట్‌లోకి జొరబడిన ఏడాది అది. లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం, మరుసటేడు బంగారాన్ని విమానాల్లో బయటికి పంపి తాకట్టు పెట్టుకున్నాం. 2000-01 నాటికి 1,300 కోట్ల డాలర్ల దరిదాపులకొచ్చింది. 2024-25లో 13,500 కోట్లు దాటింది. ప్రపంచంలో మనదే మొదటి స్థానం, మెక్సికో మన వెనకాల చాలా దూరంలో ఎక్కడో ఉంది. సరుకుల వ్యాపారంలో మనకు పడే గండిలో దాదాపు సగం ఈ డబ్బుతోనే పూడుతోంది. రూపాయి పడిపోయిన ప్రతిసారీ 'ప్రవాసుల కుటుంబాలకు శుభవార్త' అని పత్రికలు రాసేస్తాయి, కూతురి పెళ్లికి తులం బంగారం ధర కూడా డాలర్లోనే నడుస్తుందని ఆ శుభవార్త కింద ఎక్కడా ఉండదు.

ఈ ద్వితీయ ఆదాయం పక్కనే 'ప్రాథమిక ఆదాయం' ఉందన్నాను కదా. ఆ గడిలోకి వడ్డీలు, లాభాలు, డివిడెండ్లు వస్తాయి, పోతాయి. మనకైతే ఎక్కువగా పోతాయి. ఇక్కడ పెట్టుబడి పెట్టిన విదేశీ కంపెనీలు పట్టుకెళ్లే లాభాలు, మన అప్పుల మీద కట్టే వడ్డీలు, అన్నీ కలిపి 2023-24లో ఆ గడికి పడిన లోటు సుమారు 5,000 కోట్ల డాలర్లు. దాన్ని పూడ్చేందుకు పక్కగడిలోంచి తాపీమేస్త్రీ డబ్బు కదులుతుంది. వాటాదారు కూర్చుని తిన్నది ప్రాథమికం, మేస్త్రీ నిలబడి చచ్చింది ద్వితీయం. పేర్లు పెట్టినవాళ్లకు వావివరసలు బాగానే తెలుసు.

ఈమధ్య బుట్టలో దాతలు కూడా మారారు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో ఎక్కువ డబ్బు పంపిన దేశం అమెరికా, సుమారు 28 శాతం. ఎమిరేట్స్ 19 శాతంతో రెండోది. దాతను బట్టే గదా మన దుఃఖం కూడా! 2025లో అమెరికా చట్టసభ అక్కడి నుంచి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను వేస్తామనగానే మన చానెళ్లలో తెల్లవార్లూ చర్చలు. నిపుణులు నలుగురు, యాంకరు ఒకరు, వెనకాల విషాద సంగీతం. అది 3.5కు తగ్గి, చివరికి నగదుగా కట్టి పంపే డబ్బు మీద 1 శాతంగా మిగిలింది. బ్యాంకు ఖాతా నుంచి పంపే సాఫ్ట్‌వేర్ అబ్బాయికి దాని సెగ కూడా తగలదు.

ఆ 2025 నుంచి ఐదేళ్లు వెనక్కి రండి. 2020 సెప్టెంబరు. కరోనా వచ్చి గల్ఫ్‌లో పనులు పోతున్న రోజులు. మన విదేశాంగ శాఖ గల్ఫ్‌కి వెళ్లే కూలీలకు ఇంతకు తగ్గకూడదని తానే నిర్ణయించిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. అరబ్బు షేకు కాదండీ కోసింది, ఢిల్లీ. తగ్గిస్తే మనవాళ్ల ఉద్యోగాలు నిలుస్తాయని సమర్థింపు. సంతలో కోడెను అమ్మేవాడే బేరగాడి కంటే ముందు ధర దించడం మా ఊళ్లో ఎన్నడూ చూడలేదు. బయటివాడు 5 శాతం కోస్తానంటే గుండెలు బాదుకున్నవాళ్లం, ఇంట్లోవాళ్లే సగం దాకా కోస్తే ఆ రాత్రి ఏ చానెల్లో ఏ సంగీతం వినిపించిందో గుర్తుందా? తెలంగాణ గల్ఫ్ కార్మికుల తరఫున కొందరు హైకోర్టుకెక్కారు. 2021 జూలైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి.

అసలు ఆ కుర్రాడు వెళ్లేటప్పుడు ఏమిచ్చి వెళ్లాడో ఏ పద్దులోనూ ఉండదు. ఏజెంటు పుచ్చుకోవలసింది 30 వేల రూపాయలు, ఆపైన జీఎస్టీ అని నిబంధన ఉంది. ఆ నిబంధన చదివి వినిపిస్తే ఊళ్లో ముసలివాళ్లు కూడా నవ్వుతారు. లక్ష, లక్షన్నర అప్పు, నూటికి నెలకు రెండో మూడో వడ్డీ. మొదటి రెండేళ్లు వాడు పంపేది ఇంటికి కాదు, వడ్డీ వ్యాపారికి. దేశపు పుస్తకంలో అది కూడా 'కుటుంబ పోషణ' కిందే జమ. ఎప్పుడో ప్రవాస ఖాతాలో దాచుకున్న సొమ్మును ఇక్కడ తీసి వాడుకున్నా ఆ రోజు 'పంపినట్టే' రాసుకుంటారు. జమ రాసుకోవడంలో మన శ్రద్ధ అలాంటిది.

ఇంటికి పెట్టె వచ్చినప్పుడు ఏం రాసుకుంటారో మరి. 2014 నుంచి 2019 వరకు ఆరు గల్ఫ్ దేశాల్లో దాదాపు 34 వేల మంది భారతీయులు చనిపోయారని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. పల్లెల్లో శవం వచ్చిందనరు, పెట్టె వచ్చిందంటారు. యజమాని చేతులెత్తేస్తే, ఇంటివాళ్లే చందాలు వేసుకుని డబ్బు కడితే, విదేశీ విమానం ఆ పెట్టెను కిలోల లెక్కన తూచి తెస్తుంది. ఆ రవాణా ఖర్చు రాయడానికి మన పుస్తకంలో ఒక గడి సిద్ధంగానే ఉంది, 'సేవల దిగుమతి'. వాడు ఇన్నేళ్లూ పంపిందంతా ఊరికే వచ్చింది. వాడు రావడానికి మాత్రం బిల్లుంది.