నూరు దాటిన ఓఆర్‌కు నూటొక్క కొబ్బరికాయలు

తెలంగాణ ఆర్టీసీ వారి రెండు వందల కోట్ల జీరో టికెట్ల పండుగ 2025 జులైలో రాష్ట్రంలోని 97 డిపోల్లోనూ, 341 బస్‌స్టేషన్లలోనూ ఘనంగా జరిగిపోయింది గనుక, ఆ సంఖ్య మహత్తును నిజామాబాద్, బోధన్ ప్రయాణికులకు మళ్లీ వివరించనక్కరలేదు. టికెట్లను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టిన సంస్థ, వాటిని చేతపట్టుకున్న వారిలో ఎందరికి సీటు దొరికిందో, ఎందరు బస్టాండులో ఎంతసేపు పడిగాపులు పడ్డారో లెక్కపెట్టడం ఎందుకు మరిచిందన్న చిన్న సందేహం మాత్రం సన్మానాల సందడిలో అడగకుండా మిగిలిపోయింది.

ఆ సందేహానికి సంస్థ దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు పేరు ఓఆర్. ఆక్యుపెన్సీ రేషియో అనే ఈ కొలమానం, సీట్ల లెక్కన బస్సు ఎంత నిండిందో చెప్పే శాతం. 2023 డిసెంబర్ 9న, ఆడవాళ్లకు జీరో టికెట్‌తో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యే ముందు డెబ్బై దరిదాపుల్లో కొట్టుమిట్టాడిన ఈ శాతం, ఆ తరువాత అనేక డిపోల్లో నూరు దాటిందని అధికారులు ఛాతీ విరుచుకుని ప్రకటించారు. నూరు శాతమంటే ఒక్క సీటూ ఖాళీ లేదని అర్థం. నూట ఒకటో శాతం నుంచి లెక్కలో చేరే ప్రతి మనిషీ పైకమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడని అర్థం. ఆసుపత్రిలో మంచాల కంటే రోగులు ఎక్కువైతే దాన్ని వైద్యరంగ విజయంగా చాటుకునే ధైర్యం ఇంతవరకు ఏ సూపరింటెండెంటుకూ కలగలేదు.

పైగా ఓఆర్ సగటు మాత్రమే. మిట్టమధ్యాహ్నం సగం ఖాళీగా తిరిగిన ట్రిప్పూ, కాలేజీ వేళకు ఇసుక వేస్తే రాలనంతగా కిక్కిరిసిన ట్రిప్పూ అందులో కలిసిపోతాయి. రోజంతటి సగటే నూరు దాటిందంటే, ఉదయం ఎనిమిది గంటలకు రుద్రూర్ నుంచో కోటగిరి నుంచో బోధన్‌కు బయలుదేరే బస్సు ఏ శాతానికి చేరి ఉంటుందో ఊహించడానికి గణితశాస్త్రం అక్కరలేదు, ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో నిలబడ్డ ఇంటర్ విద్యార్థినిని ఒక్కసారి చూస్తే చాలు. ఆ అమ్మాయి రెండో కాలికి చోటు దొరకకపోవడం సంస్థ పట్టికలో ప్రగతిగా నమోదవుతుంది.

సాయంత్రం నిజామాబాద్ బస్టాండులోకి బోధన్ బస్సు మలుపు తిరుగుతుండగానే దాని వెంట పరుగెత్తి, కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకునే విద్యను ఈ జిల్లా ప్రజలు ఏ శిక్షణ కేంద్రంలోనూ నేర్చుకోలేదు. బస్సు కదిలాక కండక్టరు ఆ జనంలో ఈదుకుంటూ ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, ఒక్కొక్కరికీ టిమ్ మిషన్‌లో, అంటే చేతిలో పట్టుకునే టికెట్ యంత్రంలో, సున్నా రూపాయల టికెట్ కొట్టి ఇస్తూ జానకంపేట దాటి ఎడపల్లి చేరేసరికి ఇంకా వెనక సీట్ల దాకా పోనే పోడు. కార్డు అసలుదే కావాలి, ఫోన్‌లో ఫొటో చెల్లదు, చిరునామా తెలంగాణదై ఉండాలి. ఏమీ చెల్లించనక్కరలేని ఆ కాగితం తీసుకోకపోతే ఐదు వందల రూపాయల జరిమానా అన్న నిబంధనను రచించిన మేధావికి ప్రత్యేకంగా శాలువా కప్పవలసి ఉంది. ఈ ఆరాటమంతా ఆ టికెట్ల విలువను ప్రభుత్వం సంస్థకు తిరిగి చెల్లించవలసి ఉన్నందుకే. ప్రయాణికురాలు ఇక్కడ బిల్లుకు జతపరిచే రసీదు.

మహారాష్ట్ర సరిహద్దున ఉన్న సాలూర దగ్గర ఈ శాస్త్రం మరింత సూక్ష్మమవుతుంది. అంతర్రాష్ట్ర సర్వీసులో ఉచితం సరిహద్దు వరకే కాబట్టి మంజీర దాటగానే టికెట్ మొదలవుతుంది. ఆవలి గట్టున మహారాష్ట్ర ఎస్టీ (రాష్ట్ర రవాణా) బస్సుల్లో 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం చార్జీ. బోధన్‌లో పుట్టి బిలోలిలో మెట్టిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే, ఆధార్‌లో అత్తగారి ఊరు ఉన్న నేరానికి ఈవలి గట్టున పూర్తి చార్జీ.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. బస్సులు చాలని పాపాన్ని ఆడవాళ్ల నెత్తిన రుద్దే అలవాటు దగ్గర నవ్వు ఆగిపోతుంది. 'ఫ్రీ కదా అని ఎక్కుతున్నారు' అని సీట్లో కూర్చున్న మగవాడు గొణుగుతాడు, చెయ్యెత్తినా ఆపకుండా బస్సు పోతుంది, టీవీలో సిగపట్ల దృశ్యాలు వినోదంగా తిరుగుతాయి. బీడీల కార్ఖానాకు, ఆసుపత్రికి, కూలికి పోయే స్త్రీ ఎవరి సొమ్మూ దోచుకోవడం లేదు. రాష్ట్రం ఏర్పడిన 2014 నాటి కంటే 2023 నాటికి సంస్థ బస్సులు తగ్గిపోయాయని తెలిసీ, వాటిని ముందుగా పెంచకుండా ఒక్క రాత్రిలో తలుపులు తెరిచినవారిది తప్పు. ఉన్న కొద్దిపాటి బస్సులను కూడా నాయకుల సభలకు జనాన్ని తోలడానికి తరలించి, ఆ రోజున పల్లె రూట్లను నోరెత్తకుండా రద్దు చేసేవారిది అంతకంటే పెద్ద తప్పు. గిరాకీ పోగొట్టుకున్న ఆటోడ్రైవర్లకు ఏటా 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీని మూటగట్టి అటకెక్కించి, బస్సెక్కిన ఆడవాళ్లకూ ఆటో నడిపేవాళ్లకూ మధ్య తగవు పెట్టడం సిగ్గుమాలిన పని.

బోధన్ జనానికి ఈ ప్రయాణం సరదా కాదు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం నడిచిపోయే దూరంలో ఉపాధినిచ్చింది. 2002లో దాని పెద్ద వాటాను ప్రైవేటు చేతుల్లో పెట్టారు, 2015 డిసెంబర్‌లో గేటుకు తాళం వేశారు, ఆ తరువాత ప్రతి ఎన్నికలోనూ తెరిపిస్తామన్నారు. ఊళ్లో పని మూసేసినవారికి, పని ఉన్న ఊరికి బస్సు వేయడం కనీస బాధ్యత.

దానికి బదులు నిజామాబాద్‌కు దక్కింది హైదరాబాద్ దాకా నడిచే ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ. ప్రైవేటు కంపెనీ బస్సు పెట్టి నడిపితే కిలోమీటరుకు ఇంతని సంస్థ చెల్లించే గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్ పద్ధతిలో వచ్చిన ఈ వాహనంలో మహాలక్ష్మికి ప్రవేశం లేదు, రెంజల్‌లో దానికి స్టాపూ లేదు.

రైలు సంగతి ఎత్తకపోవడమే మర్యాద. 2023 ఆగస్టు 6న స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకం కింద శంకుస్థాపన జరిగిన 508 స్టేషన్లలో నిజామాబాద్ ఉంది. ప్యాసింజర్ రైళ్లకే ప్రత్యేక ఎక్స్‌ప్రెస్ అని పేరు తగిలించి కనీస చార్జీ పది రూపాయలను ముప్పై చేసి, 2024 ఫిబ్రవరి దాకా వసూలు చేసిన శాఖే ఇప్పుడు పేదల స్టేషన్‌కు సోకులు చేస్తోంది. 1993లో తలపెట్టిన పెద్దపల్లి లైను 2017లో నిజామాబాద్ చేరింది. ఆ లెక్కన బోధన్–బీదర్ లైనును సర్వే కాగితాల్లోనే ఉండనివ్వడం మేలు. జక్రాన్‌పల్లి విమానాశ్రయం ఎలాగూ వస్తుందట.

1932 జూన్‌లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాను మొదలుపెట్టినప్పుడు రైలునూ బస్సునూ ఒకే శాఖ కింద ఉంచింది. తొంభై ఏళ్లు దాటిన తరువాత రెండు శాఖలు పోటీపడి ఫ్లెక్సీలు కట్టుకుంటున్నాయి. ప్రతి బస్టాండులోనూ నిన్న ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయో, ఎందుకు రద్దయ్యాయో రాసిపెట్టే ఒక్క బోర్డు ఆ ఫ్లెక్సీలన్నింటికంటే చవక. కోటగిరి, రెంజల్, వర్ని దారుల్లో ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు ఒక్కో బస్సు అదనంగా వేయడానికి ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన అవసరం లేదు. ఒక బస్సు, ఒక డ్రైవరు, ఒక కండక్టరు ఉంటే చాలు.