నెట్టు పద్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: బెంగళూరులో ఒకానొక విద్యాపీఠమున "కంప్యూటరు, నెట్‌వర్కు సేవల విస్తరణ" అను సర్క్యులరు వెలువడిన మూడవ వారమున, హాస్టలు చివరి గదిలోని తెలుగు పిల్లవాడొకడు తలుపు వెనుక సుద్దముక్కతో ఈ ఆటవెలదిని వ్రాసెను. సంతకము చేయలేదు, వార్డెనుకు తెలుగు వచ్చును.

తీగ వేతు మనిరి, తీగ లేకయె నెట్టు
వేగ మిత్తు మనిరి వేయి రెట్లు
గదిని గీత లేదు, గట్టుపై నొక గీత
చక్ర మొకటె తిరుగు సంతతంబు

టీక: తీగ = గాజు తీగ, అనగా ఆప్టికల్ ఫైబరు. పందిరి మల్లెతీగ యని పొరబడరాదు. అది నాటినచోట పెరుగును. వేతుము + అనిరి = వేయుదుమని పలికిరి. ఎవరు? పద్యమున కర్త లేడు. సర్క్యులరులోను లేడు, "నిర్ణయింపబడినది" అనియే యున్నది. కవి మూలమునకు విధేయుడు.

తీగ లేకయె = వైఫై ద్వారా. గోడకు తగిలించిన ఆ తెల్లపెట్టె వెనుక మరల తీగయే యుండును గనుక ఇది విరోధాభాసము. రాగి తీగయైనచో దాని ఆయువు నూరు మీటర్లు. అంతకు మించి లాగరాదని ఈథర్నెట్ ధర్మశాస్త్రము. మన చివరి గది నూటపదవ మీటరున నుండెనేమో.

నెట్టు = ఇంటర్నెట్టు. "త్రోయుము" అను క్రియగా కూడ చెప్పవచ్చును. సంవత్సరములు నెట్టుకొని వచ్చినవారికి రెండవ అర్థమే ముందు తోచును.

వేగము: ఈ పదము బెంగళూరున ఊరక వాడునది కాదు. ఆటోవారు నేటికిని టాటా ఇన్‌స్టిట్యూటనెడి భారతీయ విజ్ఞాన సంస్థలో 2015లో సూపర్ కంప్యూటరు నెలకొల్పి "సహస్రటి" అని పేరిడిరి. సహస్రమనగా వేయి, "టి" యనగా టెరాఫ్లాపు. అనగా "వేయి రెట్లు" అను మాటకు మన కవికంటె ముందే అక్కడ ప్రాణప్రతిష్ఠ జరిగినది. 2022లో "పరమ ప్రవేగ" వచ్చెను, సామర్థ్యము 3.3 పెటాఫ్లాపులు. లెక్క పట్టనివారికి: 33 కోట్ల దేవతలు కూర్చుండి ఒక్కొక్కరు సెకనుకు కోటి లెక్కలు చేసినంత.

వేయి రెట్లు: ఇది అతిశయోక్తి యని కొందరందురు. నేనొప్పుకొనను, ఇది అల్పోక్తి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఐక్యరాజ్యసమితి సాయముతో ఎర్నెట్టను విద్యా పరిశోధనల నెట్‌వర్కును ఆరంభించినప్పుడు తొలి భాగస్వాములలో పై విజ్ఞాన సంస్థ యొకటి. 1989లో బొంబాయినుండి అమెరికాకు వేసిన తొలి లంకె సెకనుకు 9.6 కిలోబిట్లు, విదేశములకు పోవు విద్యాసంస్థల ఉత్తరములు ఆ సన్నని కాలువలోనే పోయెను. 2010లో అనుమతి పొందిన జాతీయ విజ్ఞాన నెట్‌వర్కు ఒక్క సంస్థకే గిగాబిట్టు ఇచ్చినది. భాగించి చూడుడు, లక్ష రెట్లు దాటును. పెద్ద కాలువ నిండుగనే పారుచున్నది; తూము వద్దనే కథ యంతయు.

గీత = సిగ్నలు గీత. ఒక వ్యాఖ్యాత దీనిని భగవద్గీతగా, చక్రమును సుదర్శనముగా చెప్పి గజేంద్రమోక్షము దాకా పోయెను. ఆయనకు గదిలో నెట్టు బాగుగా వచ్చును. గట్టు = వానచెట్టు చుట్టును కట్టిన అరుగు. అక్కడ గీత ఎట్లు వచ్చెను? లైబ్రరీ కిటికీలోని పెట్టె ఎదురుగా నున్నది, నడుమ గోడ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాని కొకటి తగులని దారులు మూడే. నలువది గదులు మూడు దారుల పడి నడిచిన జాతరయే. 5 గిగాహెర్ట్జ్ దారులు ఎక్కువ, గోడ దాటు శక్తి తక్కువ.

చక్రము = తెరపై తిరుగు గుండ్రము. "సర్క్యులరొకటె తిరుగు" అని పాఠాంతరము. ఛందస్సు చెడును, అర్థము చెడదు.

తాత్పర్యము: పంచ్ కార్డుల కాలమున విద్యార్థియే పెట్టె మోసికొని యంత్రమున్న గదికి నడచెను, మరునాడు మరల నడచి ఫలితము తెచ్చుకొనెను. ఎంత దూరమో అతనికి తెలియును. ఇప్పుడు యంత్రము మంచము దాకా రావలెను. ఆ దూరమును ఎవరును నడచి చూడలేదు. సర్క్యులరున గిగాబిట్టులున్నవి, చివరి గది లేదు. రథము రాజవీధి దాకా వచ్చెనని కొబ్బరికాయ కొట్టిరి, సందులోనివారు ఇంకను హారతిపళ్లెముతో నిలుచుండిరి. విస్తరణ యనగా నడుమ పెంచుట కాదు, అంచు చేరుట యని కవి హృదయము. నాకును అదే తోచుచున్నది.

విజ్ఞప్తి: ఫిర్యాదు వ్రాయువారు "నెట్టు లేదు" అని మాత్రమే వ్రాసి ఊరకుండవలదు. గది సంఖ్య, వేళ, ఎన్ని గీతలో వ్రాయుడు. తలుపు వెనుక వ్రాసినది కంప్యూటరు సెంటరువారు చదువరు.