ఇంట్లో ఒకరికి కుష్టు ఉంటే మిగతావాళ్ళు చేతులు పోగొట్టుకునే చిట్కాలు

ఇంట్లో ఒకరికి కుష్టు అని తేలి మందు మొదలైందా? ఇక మీరు చేయాల్సిన మొదటి పని, మీకేమీ లేదని తీర్మానించేసుకోవడం. ఈ క్రిమి ఒంట్లో చేరాక బయటపడడానికి సగటున 5 ఏళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళూ పడుతుంది కాబట్టి, ఈ నెల ఒంటిమీద ఏమీ కనిపించకపోతే జన్మకి బెంగ లేనట్టే.

పాలిపోయిన మచ్చో, రాగిరంగు మచ్చో కనిపిస్తే దురద ఉందేమో చూడండి. లేదా? సంతోషం. అక్కడ చెమట పట్టదు, గిల్లినా తెలియదు. ఇంత మర్యాద తెలిసిన మచ్చకు డాక్టరెందుకు? తామర మందు రాస్తూ రెండేళ్ళు లాగించవచ్చు. అసలు మచ్చే లేకుండా నరం ఒక్కటే చెడే రకం కూడా ఉంది. దాన్ని నీరసం ఖాతాలో రాసేయండి.

మోచేతి వెనక, లోపలివైపు ఎముక పక్కన గాడిలో ఒక నరం పోతుంది. గోడకు కొట్టుకుంటే చిటికెన వేలిదాకా జిల్లుమనిపించేది అదే. కుష్టు దాన్ని బాగా ఇష్టపడుతుంది. నరం లావెక్కి వేలికి తగులుతుంది గనుక పొరపాటున కూడా తడిమి చూసుకోకండి. చిటికెన వేలు మొద్దుబారితే ఆ చేయి తలకింద పెట్టి పడుకున్నానని చెప్పుకోండి. అన్నం కలుపుతుంటే మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారితే రేషన్ బియ్యాన్ని తిట్టండి. మసిగుడ్డ లేకుండా వేడి గిన్నె దించగలుగుతున్నారా? గొప్పగా చెప్పుకోండి, బొబ్బ సంగతి తర్వాత. నడుస్తుంటే చెప్పు ఊడిపోయిన సంగతి నాలుగడుగులు దాటాక గానీ తెలియకపోతే తప్పు చెప్పుదే, అరికాలిది కాదు.

ఎవరైనా బలవంతంగా పరీక్షకు లాక్కెళితే అక్కడ నైలాన్ పోగులు ఉంటాయి. ఒక్కో పోగు ఒక్కో బరువుకు వంగుతుంది: చేతికి 0.2 గ్రాములది, అరికాలికి 2 గ్రాములది. కళ్ళు మూసుకోమని, పోగు ఆనించిన చోటు చూపమంటారు. ఓరకంట చూసి చూపించండి, పాసైపోతారు. చిటికెన వేలు పక్కకు చాచి, తాము నెట్టినా నిలపమంటారు. అక్కడ కాపీ కొట్టడం కుదరదు, కనుక ఆ రోజు ఊళ్ళో లేకుండా పోవడమే మేలు.

ఆశా కార్యకర్త వస్తే గుమ్మంలోంచే పంపేయండి. లోపలికి రానిస్తే అందరి ఒళ్ళూ చూసి, జబ్బు లేనివాళ్ళకు ఒక్కసారి వేసుకునే రిఫాంపిసిన్ గురించి చెబుతుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన మందది. కుష్టు 2005లోనే పోయిందిగా అని ఆమెకే పాఠం చెప్పండి. అప్పుడు ప్రకటించింది పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ మందికే ఉందని మాత్రమే. ప్రపంచంలో ఏటా తేలే కొత్త కేసుల్లో సగానికి పైగా నేటికీ మన దేశంలోవే.

అన్నిటికన్నా ముఖ్యం, మొద్దుబారడం మొదలయ్యాక ఆరు నెలలు ఓపిక పట్టడం. ఆలోపు వెళితే ప్రెడ్నిసోలోన్‌తో స్పర్శ, బలం తిరిగొచ్చే ప్రమాదం ఉంది. దాటాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది, వేళ్ళు వంకర తిరగడానికి అడ్డేమీ ఉండదు.

ఇంత ఓపిక లేనివాళ్ళు ఇంటిల్లిపాదినీ తీసుకుని ఈ వారమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అక్కడ పరీక్షకూ మందుకూ పైసా తీసుకోరు.