రెండు సీట్ల రాయుడు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు పదిమంది చేరిన ఏ పుట్టినరోజు పార్టీకైనా వెళ్లండి, బిర్యానీ ట్రే దగ్గర ఒకాయన కనిపిస్తాడు. చుట్టూ ఇళ్ల ధరలూ వీసా కబుర్లూ సాగుతుంటాయి. ఆయన వాటిలో కలవడు. పేపర్ ప్లేటు ఒక చేత్తో పట్టుకుని, ఫోన్‌లో ఏదో ఫొటోని పెద్దది చేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి మరీ చూస్తుంటాడు. తొంగి చూస్తే అది ఎవరిదో ఇరవయ్యేళ్లనాటి కారు అడుగుభాగం. తుప్పు వెతుకుతున్నాడు.

ఈయనకు నేను పెట్టుకున్న పేరు రెండు సీట్ల రాయుడు. చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి, పాతది, చవగ్గా కొనబోతున్నాడు. ఎప్పుడు కలిసినా కొనబోతూనే ఉంటాడు.

ప్రస్తుతానికి నడిపేది కామ్రీ. ఇంట్లో ఇంకోటి ఒడిస్సీ, దాన్నిండా పిల్లల సాకర్ బూట్లూ కాస్ట్‌కో అట్టపెట్టెలూ. రాబోయే కారుకి రెండే సీట్లుండాలి, ఇంజన్ బలం వెనక చక్రాలకు వెళ్లాలి, గేర్లు చేత్తో మార్చుకోవాలి, పైకప్పు మడిచిపెట్టుకోవాలి, పదివేల డాలర్లు దాటకూడదు. ఈ పదివేలన్నది పెద్దమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా ఖాయం చేసుకున్న అంకె. ఇప్పుడా పిల్ల లెర్నర్ పర్మిట్ తెచ్చుకుంది. మధ్యలో కరోనా వచ్చి పాత కార్ల రేట్లన్నీ ఎక్కడికో వెళ్లాయి. అంకె మాత్రం కదల్లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడెవడైనా దగ్గరికొచ్చి, "అన్నా, పోర్షా బాక్స్‌టర్ కూడా పదివేలలోపే కనిపిస్తోంది కదా" అన్నాడో, ప్లేటు పక్కన పెట్టేస్తాడు. ఇక ఆ కుర్రాడికి గులాబ్‌జామూన్ దక్కదు.

"కనిపిస్తుంది తమ్ముడూ. కొనడం సులువే, ఉంచుకోవడమే కష్టం. తొలి బాక్స్‌టర్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగని ఒకటుంది. ఇంతే ఉంటుంది, పిడికిట్లో పడుతుంది. అది పోయిందంటే ఇంజనే పోయినట్టు. ముందుజాగ్రత్తగా మార్పిద్దామా అంటే గేర్‌బాక్స్ దింపాలి."

హోండా ఎస్2000? తొలి ఏళ్లవైతే 9000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజన్. మన రాయుడు ఆ అంకె చెప్పేటప్పుడు కళ్లు మూసుకుంటాడు, ధర చెప్పేటప్పుడు తెరుస్తాడు. టయోటా ఎంఆర్2 స్పైడర్? 2000 నుంచి 2005 దాకా అమెరికాలో అమ్మారు, ఇంజన్ సీట్ల వెనకే. కానీ తొలి ఏళ్లవాటిలో ఎగ్జాస్ట్‌లో ఉండే ప్రీక్యాట్ పొడిపొడై ఇంజన్లోకే పోతుంది, ఆ తర్వాత అది పెట్రోలుతో పాటు ఆయిలూ తాగుతుంది. పైగా చెప్పుకోదగ్గ డిక్కీ లేదు. సోనామసూరి బస్తా ఎక్కడ పెడతారని వాళ్లావిడ ఒక్క మాట అడిగింది, ఎక్సెల్ షీట్‌లో ఆ వరుస ఎర్రబడింది. బీఎండబ్ల్యూ జెడ్3? 1995లో గోల్డెన్‌ఐ సినిమాలో జేమ్స్‌బాండ్ నడిపాడు, నిజమే. బాండ్‌కి కొత్తది ఇచ్చారు. మనకి దొరికేదానికైతే డిక్కీలో కార్పెట్ ఎత్తి, డిఫరెన్షియల్‌ని పట్టుకునే చోట రేకు చిరిగిందేమో టార్చి వేసి చూసుకోవాలి.

చివరికి అందరూ చేరే ఊరు మాజ్డా మియాటా. 1989లో షికాగో ఆటో షోలో బయటపడిన నాటి నుంచి ఈ జాతికి అదే దిక్కు. మొదటిదాని బలం 116 గుర్రాలు. వాళ్లావిడ ఒడిస్సీలో అంతకు రెండింతల పైమాటే. కానీ బరువు టన్నులోపు, మలుపులో చెప్పినట్టు వింటుంది. అరవైవేల మైళ్లకోసారి టైమింగ్ బెల్ట్ మార్చాలి, మర్చిపోయి తెగినా ఆ పాత ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగలవు, బండి ఆగుతుందంతే. ఇక్కడ నేను రాయుడి పక్షమే. పదివేలలో సరదా కొనుక్కునేవాడు హార్స్‌పవర్ చూడకూడదు, పాత యజమాని దాచిన రసీదుల ఫైలు మందం చూడాలి. అసలు చిక్కు రాయుడి తెలివిలో లేదు. ఆ తెలివి ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అతని సలహాతో కొన్నవాళ్లు ఆరుబయట గాలి పీలుస్తూ తిరుగుతున్నారు.

బండి చూడ్డానికి వెళ్లే రోజు అతని సరంజామా వేరు. టార్చి, పాత దుప్పటి, ఇంజన్ లోపాల కోడ్‌లు చదివే స్కానర్, ఫ్రిజ్ మీద నుంచి పీకిన వేంకటేశ్వరస్వామి అయస్కాంతం. గీతలు పడకుండా స్వామికి పలచటి గుడ్డ చుట్టి రేకు మీద పెడతాడు. అతుక్కుంటే ఇనుము, జారితే కింద పుట్టీ. ఒకసారి వెంట వెళ్లిన కుర్రాడు బానెట్ మీద స్వామి జారిపోవడం చూసి కంగారుపడితే, "అది అల్యూమినియం నాయనా, అక్కడ జారాలి" అన్నాడు, అమ్మేవాడి కంటే గర్వంగా.

ముందుగా బానెట్ మీద చెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంటే అనుమానం: చల్లటి ఇంజన్‌లో వచ్చే టకటక వినపడకుండా ముందే స్టార్ట్ చేసి ఉంచారని. టైరు మీది నాలుగంకెలు చదివి, అది ఏ సంవత్సరం ఎన్నో వారంలో తయారైందో చెబుతాడు. వాన నీళ్లు పోయే రంధ్రాల్లో ఆకులు ఇరుక్కుంటే తలుపుల కింద రేకు లోపలినుంచి కుళ్లుతుందని, సన్నటి తీగతో వాటిని కెలుకుతాడు. ఏసీకి గ్యాస్ పెడితే చాలని అమ్మేవాడు అంటే, అంత సులువైతే నువ్వే పెట్టించేవాడివిగా అన్నట్టు నవ్వుతాడు. ఆపైన ఏదో ఒకటి దొరుకుతుంది. ఒకటి ఒహాయో నుంచి వచ్చింది, అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇంకొకటి పుట్టింది టెక్సస్‌లోనే, తుప్పు లేదు, కానీ ఎండకి గుడ్డ టాపు పగిలింది. మరొకటి అన్నీ బాగుండి ఎర్రగా ఉంది.

ఊళ్లో నాన్నగారికి వీడియో కాల్‌లో చెప్పాడు. ఆయన నిదానంగా విన్నారు.

"పాతదంటావు. ఇద్దరికే చోటంటావు. పైన కప్పు లేదంటావు. స్కూటర్ కొనుక్కోరా, సరిపోతుంది."

మొన్న ప్లేనోలో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర 2003 మియాటా అమ్మకానికొచ్చింది. ఒకే యజమాని, పుట్టిన దగ్గర్నుంచీ రసీదులు, బెల్ట్ మార్చిన తేదీ. నీలం రంగు. రాయుడు దుప్పటి పరిచి కిందికి దూరి చాలాసేపు రాలేదు. వచ్చాక మొహం వాడిపోయి ఉంది. ఏమీ దొరకలేదు.

"ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నారు?"

"ఎక్కగలుగుతున్నాను బాబూ, దిగలేకపోతున్నాను" అన్నాడు పెద్దాయన ఇంగ్లీషులో, మోకాళ్లు చూపిస్తూ.

రాయుడు మూడు రోజులు టైమడిగాడు. కూరగాయలకని వెంట వచ్చిన వాళ్లావిడ అప్పుడు నోరు విప్పింది. "నన్ను పావుగంట చూసి సరేనన్నారు. దీనికి ఇన్నేళ్లా?"

"అప్పుడింత ఇన్ఫర్మేషన్ లేదు కదా."

ఆవిడ పెద్దాయన దగ్గర తాళాలు తీసుకుంది. గుంటూరులో మారుతి 800 మీద నేర్చుకున్న చెయ్యి. అక్కడ ఎడంచేత్తో, ఇక్కడ కుడిచేత్తో, అంతే తేడా. సందు మొదట్లో ఒకసారి ఆగిపోయింది, తర్వాత ఆగలేదు. తిరిగొచ్చి, అయిదు వందలు తగ్గించమంది, తగ్గించాక చెక్కు రాసింది. రాయుడు ఇంకా రంగు గురించి ఆలోచిస్తున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ఆవిడ నడుపుతుంది. పక్క సీట్లో రాయుడు, ఒళ్లో స్కానర్.

"మూడో గేర్‌లో ఏదో సన్నగా చప్పుడొస్తోంది కదూ?"

"అది మీరేనండీ."