చావండి, కానీ సరైన కేటగిరీలో

కానిస్టేబుల్ సోదరులారా, ట్రైనింగ్ కాలేజీలో మీకు పరుగు నేర్పారు, పరేడ్ నేర్పారు, లాఠీ తిప్పడం నేర్పారు, సెక్షన్లు బట్టీ పట్టించారు. ఎట్లా చావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పాఠం సిలబస్‌లో లేకపోవడం వల్ల మీ ఇంట్లోవాళ్లు ఎంత నష్టపోతారో మీకు తెలియదు. తెలిసే వేళకు మీరుండరు. అందుకని ఆ క్లాసేదో ఈవారం నేనే తీసుకుంటాను.

ముందు అక్షరాభ్యాసం. కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరిలో తన ఉద్యోగుల చావులను ఏ నుంచి ఇ దాకా అయిదు రకాలుగా విడగొట్టింది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ జవాను పోతే ఇంటికి ఎంత పెన్షన్ వస్తుందో తేల్చే అక్షరాలివి. 'ఏ' అంటే ఉద్యోగంతో సంబంధం లేని సహజ మరణం. సందేహం లేకుండా ఉదాహరణలు కూడా ఇచ్చారు, పాపం: గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, దీర్ఘరోగాలు. 'బి' అంటే ఉద్యోగం వల్ల తగులుకున్న జబ్బు. 'సి' అంటే డ్యూటీలో ప్రమాదం, కరెంటు షాకుతో సహా. 'డి' టెర్రరిస్టుల హింస. 'ఇ' యుద్ధం, సరిహద్దు, తీవ్రవాదులతో పోరు. 'ఏ'లో పోతే భార్యకు మొదటి పదేళ్లు ఆఖరి బేసిక్‌లో సగం, ఆ తర్వాత 30 శాతం. 'ఇ'లో పోతే ఆఖరి జీతం మొత్తం. బడిలో పిల్లాడికి 'ఏ' గ్రేడ్ వస్తే స్వీట్లు పంచుతాం. ఇక్కడ 'ఏ' వచ్చిందంటే కొంప మునిగినట్టే.

ఎక్స్‌గ్రేషియా సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఏడో వేతన సంఘం తర్వాత 2016లో కేంద్రం సవరించిన రేట్లు చూడండి. డ్యూటీలో ప్రమాదానికి 25 లక్షలు. డ్యూటీలో ఉండగా టెర్రరిస్టులో అసాంఘిక శక్తులో చంపితే అదే 25. టెర్రరిస్టుల మీద చర్యకు వెళ్లి మరణిస్తే 35. యుద్ధంలో శత్రువు చేతిలో పోతే 45. అంటే టెర్రరిస్టు మీ దగ్గరకొచ్చి చంపితే 25, మీరు టెర్రరిస్టు దగ్గరకెళ్లి చస్తే 35. పైన ఉన్న పది లక్షలూ దారి ఖర్చులనుకోవాలి.

తెలుగు రాష్ట్రాల పోలీసుకు ఈ అక్షరాలు వర్తించవు, మన జీవోలు వేరు. బుద్ధి మాత్రం ఒకటే. మావోయిస్టు తూటాకు ఒక లెక్క, గణేశ్ నిమజ్జనానికి ఒక లెక్క. నిమజ్జనం బందోబస్తులో ఒకాయన తెల్లవారుజాము నుంచి మర్నాటి తెల్లవారుజాము దాకా ట్యాంక్‌బండ్ మీద నిలబడ్డాడనుకుందాం. పొద్దున పులిహోర పొట్లం, మధ్యాహ్నం మంచినీళ్లు, రాత్రి క్రేన్ దగ్గర తోపులాట. స్టేషన్‌కొచ్చి డ్యూటీ దిగాడు, రైటర్ జనరల్ డైరీలో ఎంట్రీ వేశాడు. ఇంటికెళ్లి బూట్లు విప్పుతూ అట్లాగే ఒరిగిపోయాడు. ఆ ఎంట్రీ పడకముందు ఆగితే అది ప్రభుత్వ గుండె. పడ్డాక ఆగితే సొంత గుండె. కాబట్టి ఎడమ చెయ్యి లాగుతున్నట్టు అనిపిస్తే ముందు జీడీ చూసుకోండి, తర్వాత డాక్టర్ని చూసుకోవచ్చు.

కనిపించకుండా పోవాలన్న ఆలోచన ఉంటే ఆ దారి కూడా చెబుతాను. కేంద్ర నిబంధనల ప్రకారం ఉద్యోగి ఆచూకీ లేకపోతే కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చెయ్యాలి. వెతికినా దొరకలేదని పోలీసులు రిపోర్టు ఇవ్వాలి. ఫిర్యాదిచ్చిన ఆరు నెలలకు ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది. డెత్ గ్రాట్యుటీలో మిగతా భాగానికి మాత్రం చనిపోయినట్టు రుజువు కావాలి, లేదా ఏడేళ్లు గడవాలి. తప్పిపోయినవాడు పోలీసైతే, పోలీసును పట్టుకోవడం పోలీసుల వల్ల కాలేదని పోలీసులే సంతకం పెట్టాలి. ఇంత నిజాయితీగా రాసే రిపోర్టు ఆ శాఖలో ఇంకొకటి ఉంటుందా అని నాకు అనుమానం.

సరే, ఏదో ఒక లెక్కలో పోయారు. ఇక మీ ఆవిడ ఆఫీసుకెళ్తుంది.

"అమ్మా, సర్వీస్ రిజిస్టర్‌లో నామినీగా మీ అత్తగారి పేరుంది."

"ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు పెళ్లి కాలేదు సార్."

"పెళ్లయ్యాక మార్పించుకోవాలి కదమ్మా."

"ఎప్పుడు గుర్తుచేసినా బందోబస్తు ఉందనేవారు సార్."

"పైగా మీ పేరు దరఖాస్తులో లక్ష్మి అని ఉంది, ఆధార్‌లో లక్ష్మమ్మ అని ఉంది. ఇద్దరూ మీరేనా?"

ఆ సీనియర్ అసిస్టెంటు చెడ్డవాడు కాదు. ఒక అక్షరం తేడా వచ్చినా అకౌంటెంట్ జనరల్ ఆఫీసు అబ్జెక్షన్ రాసి ఫైలు వెనక్కి పంపుతుందని అతని భయం. అందుకే తహసీల్దారు దగ్గర్నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మంటాడు, క్వార్టర్స్ ఖాళీ చేశారా అంటాడు, సొసైటీ లోను తీరిందా అంటాడు, కిట్ సామాను అప్పజెప్పారా అని కూడా అడుగుతాడు. మీరు ఊదిన విజిల్ ఇంట్లో ఏ మేకుకు వేలాడుతోందో ఆవిడ వెతుక్కోవాలి.

పెన్షన్ మంజూరయ్యాక కూడా ఏటా ట్రెజరీలో రెండు సంగతులు చెప్పుకోవాలి: ఇంకా బతికే ఉన్నానని ఒకటి, మళ్లీ పెళ్లి చేసుకోలేదని ఇంకొకటి. మొదటిదానికి 2014లోనే జీవన్ ప్రమాణ్ వేలిముద్ర మిషన్ వచ్చింది. రెండోదానికి మిషన్ ఇంకా కనిపెట్టలేదు, ఆవిడ మాట మీదే నడుస్తోంది.

కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్ (సీపీఎస్) వాళ్లకు వేరే శుభవార్త ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. కానీ తెలంగాణ 2021లో ఒక వెసులుబాటు ఇచ్చింది: సీపీఎస్ ఉద్యోగి సర్వీసులో చనిపోతే కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ ఉంటుంది, ఖాతాలోని ప్రభుత్వ వాటా వదులుకుంటే చాలు. అంటే ముప్పై ఏళ్లు లాఠీ పట్టి, బతికి బట్టకట్టి రిటైరైనవాడు షేర్ మార్కెట్ దయ కోసం ఎదురుచూడాలి. మధ్యలో పోయినవాడి ఇంటికి మాత్రం నికరమైన పెన్షన్. నెల నెలా ఈఎంఐలు కట్టుకునే కానిస్టేబుల్ ముందు ఇట్లాంటి లెక్క పెట్టడం ప్రభుత్వానికి కూడా మంచిది కాదు.

కారుణ్య నియామకానికి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. పిల్లాడు మైనరైతే తండ్రి పోయిన రెండేళ్లలోపు వాడికి 18 నిండాలి. కాబట్టి పదహారేళ్ల కొడుకు ఉంటే తప్ప చావడం లాభసాటి కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ బాధ లేదు. అక్కడ చనిపోయిన పోలీసుల పిల్లల్ని 'బాల ఆరక్షక్'గా తీసుకుంటారు, అయిదేళ్ల పిల్లాడికి కూడా ఆర్డర్ ఇచ్చారు. నవ్వొచ్చే మాటే. కానీ ఆ పిల్లాడి ఇంటికి నెల నెలా జీతంలో కొంత చేరుతుంది. మన దగ్గర నవ్వకుండా రాసిన జీవోలతో ఆ వయసు పిల్లాడి ఇంటికి ఏం చేరుతోంది?

ప్రతి ఏడాదీ అక్టోబర్ 21న అమరుల పేర్లు చదువుతారు. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం చేతిలో పదిమంది పోలీసులు చనిపోయిన రోజది. బూరలు మోగుతాయి, తుపాకులు తలకిందులవుతాయి, ముఖ్యమంత్రులు పుష్పగుచ్ఛాలు పెడతారు. ఢిల్లీలో 2018లో కట్టిన జాతీయ స్మారకంలో 238 టన్నుల రాయి నిలబెట్టారు. ఆ రాయిని తరలించగలిగిన ప్రభుత్వానికి ఒక ఫైలును టేబుల్ మీంచి టేబుల్ మీదికి జరపడం బరువేమీ కాదు. అందుకని హోంమంత్రులకు నాది ఒకటే విన్నపం. వచ్చే అక్టోబర్ 21న ఒక్కో పేరు చదివాక, ఆ ఇంటికి పెన్షన్ మంజూరైన తేదీ కూడా చదవండి. ఇంకా మంజూరు కాకపోతే, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో మైకులో చెప్పండి.