పాస్తోర్ టాకో: టీకా తాత్పర్య సహితము

మూలము: మెత్తని మొక్కజొన్న రొట్టె మీద, నిలువు శూలమున వేగిన పందిమాంసము, ఆపైని అనాసముక్క, ఉల్లి, కొత్తిమీర, నిమ్మ.

అవతారిక: మెక్సికో నగరమున ప్రొద్దు గ్రుంకిన పిదప వీథిమూలల నిలువబడి తిను జనులకు కంఠస్థమైన యీ సూత్రమునకు ఇంతవరకు భాష్యము లేకపోవుట శాస్త్రమునకు లోపమే గాని తినువారికి లోపము గాదు.

టీక: నిలువు శూలమున = పశ్చిమాసియానుండి వలసవచ్చినవారు ప్యూబ్లా నగరమునకు తెచ్చి, 1930 ప్రాంతమున 'అరబ్బు టాకో'లు వండిన పరికరమున. పాస్తోరనగా గొఱ్ఱెలకాపరి, కాపరి పేరు నిలిచినది, గొఱ్ఱె పోయి పంది వచ్చినది. ఆ పందియు 16వ శతాబ్దమున స్పెయినువారి యోడలనుండి దిగినదే. ఉల్లి, కొత్తిమీర, నిమ్మ = ఇవియు నా త్రోవనే వచ్చినవి; సుగమము. అనాసముక్క = శూలాగ్రమున గ్రుచ్చిన పండునుండి వంటవాడు కత్తికొనతో చివ్వున ఎగురగొట్టి చేతిలోని రొట్టెతో పట్టుకొను ముక్క. దీనికి పాకశాస్త్రమున ప్రయోజనమెంతయో గాని నాట్యశాస్త్రమున కలదు.

మొక్కజొన్న రొట్టె = ఇచ్చట కొంత నిలువవలయును. గింజలను సున్నపునీట ఉడికించి, రాత్రియంతయు నాననిచ్చి, తెల్లవారి పొట్టు పులిమి కడిగి, ముద్దగా రుబ్బి కాల్చిన రొట్టె యిది. తాంబూలమునకు దప్ప సున్నము నోటికంటనీయని మనకు వింతగా దోచును గాని, ఆ సున్నము వలననే గింజలోని నియాసిన్ అను విటమిను దేహమునకు వశమగును. స్పెయినువారు గింజను కొనిపోయిరి, సున్నమును మఱచిరి. మూలము దేశాంతరమేగినది, భాష్యము ఇంటనే యుండిపోయినది. అందుచేత ఉత్తర ఇటలీలోను, పిదప అమెరికా దక్షిణ రాష్ట్రములలోను, మొక్కజొన్నపిండి తప్ప మఱొకటి యెఱుగని పేదలు చర్మము పగిలి, మతి చెడి, పెల్లాగ్రా వ్యాధితో మరణించిరి. 1915లో మిసిసిపీ చెరసాలలో గోల్డ్‌బర్గర్ వైద్యుడు ప్రయోగములు చేసి, ఇది అంటువ్యాధి గాదు, ఆహారలోపమని చూపెను.

పూర్వపక్షము: పరదేశద్రవ్యములను పరిహరించి శుద్ధమైన టాకోనే తినవలెనని కొందఱందురు. అట్లయిన శూలము, పంది, ఉల్లి, కొత్తిమీర, నిమ్మ పోవును. అనాస దక్షిణ అమెరికాది గనుక సందిగ్ధము. మిగిలినది రొట్టెయు, మాంసమునకు పట్టించిన మిరపయు. ఆ మిరప మన దేశమునకు పోర్చుగీసువారి వెంట వచ్చినదే గదా! ఈ వాదము గుంటూరులో చెల్లదు.

తాత్పర్యము: రెండు రొట్టెలు ఒకదానిపై నొకటి పెట్టించుకొని, నిమ్మ పిండి, తల ప్రక్కకు వంచి తినవలెను.

పాఠాంతరము: 'మెత్తని' యనుచోట ఉత్తరదేశప్రతులలో 'కరకరలాడు' అని కలదు. శాన్ బెర్నార్డినోలో తన యంగడికెదుటనున్న మిట్లా కేఫ్ టాకోలను చూచి నేర్చిన గ్లెన్ బెల్, 1962లో డౌనీయందు టాకో బెల్ స్థాపించి యీ పాఠమును వ్యాప్తి చేసెను. 1992లోను, 2007లోను దీనిని మెక్సికోకే కొనిపోగా, పండితులు రెండుమాఱులును త్రిప్పి పంపిరి. నార్వేవారు మాత్రము గోధుమరొట్టెలో దోసకాయముక్కలు చేర్చి, ప్రతి శుక్రవారము వ్రతమువలె తినుచున్నారు. సున్నపునీట ముందే ఉడికించి ఎండించిన మొక్కజొన్నపిండియు నేడు సంచులలో దొరకును. నీళ్లు పోసి కలిపిన చాలును. రుబ్బిన ముద్ద రుచి యెఱిగినవారు దానిని సంక్షిప్తప్రతి యందురు.